ఫిల్టర్ ఉందిగా, లైటుతో ఏం పని?

మా అపార్ట్‌మెంట్ గేటు మీద కొత్తగా బిగించిన ఫ్లడ్‌లైటును కాస్త కిందికి వంచమని అడిగాను. "మీ అబ్బాయి దగ్గర ఫిల్టర్ ఉందిగా ఆంటీ, తార్నాకలో డాబా మీంచే నెబ్యులా ఫొటోలు తీస్తున్నాడుగా! ఇంకెందుకు?" అన్నారు కమిటీ వాళ్లు.

తీస్తున్నాడు, నిజమే. గొల్లకావడి చుక్కల కిందుండే ఓరియన్ నెబ్యులాలో హైడ్రోజన్ ఎర్రగా వెలుగుతుంది, 656.3 నానోమీటర్ల దగ్గర. నారోబ్యాండ్ ఫిల్టర్ ఆ సన్నటి గీతంత వెలుగుని రానిచ్చి మిగతాది ఆపేస్తుంది. పాత పసుపు సోడియం దీపాల వెలుగు ఎక్కువగా 589 దగ్గర ఉండేది కాబట్టి చాలావరకు బయటే ఆగిపోయేది. తెల్ల ఎల్ఈడీలో అన్ని రంగులూ ఉంటాయి, అది కొంత దూరిపోతుంది. ఇక ఆండ్రోమెడా గెలాక్సీ, కృత్తికల చుట్టూ ఉన్న నీలి ధూళి? వాటిది నక్షత్రాల వెలుగే, అదీ అన్ని రంగులదే. రాళ్లూ బియ్యమూ ఒకే సైజైతే జల్లెడ ఏం చేస్తుంది చెప్పండి!

అయినా ఫిల్టర్ కెమెరాకి గానీ మన కళ్లకి కాదు కదా. పెళ్లిలో అరుంధతిని చూపించమంటే పంతులుగారు ఫంక్షన్ హాలు సీలింగు వైపు చెయ్యెత్తే రోజులొచ్చాయి.

తర్వాత అసలు అస్త్రం తీశారు, ఆడవాళ్ల భద్రత. రాత్రి యూనివర్సిటీ లైబ్రరీ నుంచి నడిచొచ్చే అమ్మాయికి కావాల్సింది కాళ్ల ముందు వెలుగు. కళ్లలోకి కొట్టే దీపం వెనక ఎవరు నిలబడ్డారో ఆ పిల్లకి కనబడదు. మన పేరు చెప్పి ఆకాశానికి లైటు కొట్టకండి బాబూ.

ఉస్మానియా వాళ్లు 48 అంగుళాల టెలిస్కోపుని 1960ల్లోనే క్యాంపస్‌లో కాక, ఊరికి దూరంగా జాపాల్-రంగాపూర్‌లో పెట్టుకున్నారు. మేం డాబాని అక్కడికి మోసుకుపోలేం. లైటు మీదికి రేకు మూత నేనే కొనిస్తానన్నాను. "చూద్దాం ఆంటీ" అన్నారు.