నొప్పుల నాపుటయే చికిత్సయా?

నెలలు నిండకమునుపే నొప్పులు తోచిన గర్భిణిని ఆసుపత్రికి గొనివచ్చిన పెద్దలు, వైద్యురాలి నోట "ఆపవలదు, కాన్పు కానిత్తము" అన్న మాట వినబడినంతనే, ఆమె అసమర్థురాలనియో, బిడ్డపై ఆశ వదలుకొన్నదనియో తలపోయుట మన యిండ్లలో పరిపాటియైనది. కడుపులో గడచు ప్రతిదినమును బిడ్డకు లాభమే కావున, ఎట్లైనను నొప్పుల నాపుటయే చికిత్స యని వారి సిద్ధాంతము. లోపలి శిశువు ఆరోగ్యముతో నున్నంతవఱకు ఇది చాలవఱకు నిజము. శిశువు ఆపదలో నున్నప్పుడు ఇదియే ప్రాణాంతకము.

ఏలయన, మాయ ప్రాణవాయువును, ఆహారమును సక్రమముగా నందించునంతవఱకే గర్భకోశము శిశువునకు రక్షణస్థానము. మాయ విడివడి రక్తస్రావమగుచున్నప్పుడు, ఉమ్మసంచికి సూక్ష్మజీవులు సోకి తల్లికి జ్వరము వచ్చినప్పుడు, ఎదుగుదల కుంటువడిన శిశువు బొడ్డుత్రాటిలో రక్తము వెనుకకు మరలుచున్నట్లు డాప్లరు పరీక్ష తెలిపినప్పుడు, గుండె వేగము మాటిమాటికి పడిపోవుచున్నప్పుడు, బిడ్డను అచ్చటనే నిలిపియుంచుట హాని. బ్రతుకజాలని అవయవలోపము గల శిశువు విషయమున, లోపలనే ప్రాణము విడిచిన శిశువు విషయమున నొప్పుల నాపినచో, ఫలములేని మందును తల్లి దేహము మోయవలసివచ్చును.

ఇక ఆ మందుల శక్తి యెంత? నిఫెడిపిను వంటివి కాన్పును సామాన్యముగా 48 గంటల పాటు వెనుకకు నెట్టునే కాని నెలలు నిండింపజాలవు. ఆ స్వల్పావధి విలువ వేఱొకచోట నున్నది. న్యూజిలాండులోని ఆక్లండు నగరమున గొఱ్ఱెల ప్రసవకారణముల నరయుచుండిన లిగ్గిన్సు, స్టెరాయిడు పొందిన అకాలజాతమగు గొఱ్ఱెపిల్ల ఊపిరితిత్తులు ఎదురుచూడని విధముగా గాలి నింపుకొనుట గమనించి, వైద్యుడగు హౌవీతో గూడి గర్భిణులయందు పరిశోధించి 1972లో ప్రకటించిన ఫలితమే నేడు తల్లికిచ్చు స్టెరాయిడు సూదికి మూలము. ఆ సూది పనిచేయుటకును, మెదడు రక్షణకై మెగ్నీషియము సల్ఫేటు ఎక్కించుటకును, నవజాతశిశు విభాగము గల ఆసుపత్రికి తల్లిని తరలించుటకును ఆ రెండుదినములు కావలయును. 34 వారములు దాటిన పిమ్మట సాధారణముగా ఆపు ప్రయత్నమే చేయరు.

ఏడవనెల బిడ్డ బ్రతుకుననియు, ఎనిమిదవనెల బిడ్డ బ్రతుకదనియు పలుకు మాట యొకటి, నొప్పుల నాపవలెనను పెద్దల పట్టుదలకు మఱింత బలమిచ్చుచున్నది. అది శుద్ధాబద్ధము, వారము గడచుకొలది ఊపిరితిత్తులు పక్వమగును, ఎనిమిదవనెల శిశువునకే బ్రతుకు అవకాశ మధికము.

కావున పెద్దలారా, నొప్పులు ఆగునా యని అడుగుటకు ముందు, బిడ్డ గుండె యెట్లున్నదో, తల్లికి స్టెరాయిడు సూది పడినదో లేదో అడుగుడు.