పడవే ఇల్లు.. మరి తుపాకీ ఎక్కడ? బ్రిటన్ కాలువల్లో చిత్రమైన చిక్కు!

ఇల్లు అమ్మేసి పడవ కొన్నారనుకుందాం. మంచం, పొయ్యి, పుస్తకాలు, పెంపుడు కుక్క.. అన్నీ పడవెక్కేశాయి. ఒక్క వస్తువు దగ్గరే చేయి ఆగిపోతుంది. అదే బీరువాలో ఉన్న షాట్‌గన్! దాన్ని పడవలో పెట్టుకోవచ్చా? లేక అమ్మేయాల్సిందేనా?

బ్రిటన్‌లో పడవ జీవితానికి మారే షూటింగ్ ప్రియులకు ఎదురయ్యే ప్రశ్న ఇది. పడవలో ఉండేవాళ్లు తుపాకీ పెట్టుకోకూడదని అక్కడి చట్టంలో ఎక్కడా లేదు. అమ్మకూడదనీ లేదు. అయితే అమ్మడం ఒక రోజు పని. పెట్టుకోవడమే అసలు పరీక్ష. ఎందుకంటే ఆ లైసెన్సు విధానమంతా ఒకే ఒక్క విషయం మీద నిలబడి ఉంది.. అడ్రస్!

ఇంతకీ ఎవరీ పడవ జనం?

ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 2,000 మైళ్ల కాలువలు, నదులను 'కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్' అనే సంస్థ చూస్తోంది. ఒకప్పుడు బొగ్గు మోసిన ఈ కాలువల్లో ఇప్పుడు మనుషులు కాపురాలు పెట్టారు. లండన్ లాంటి చోట్ల ఇళ్ల ధరలు, అద్దెలు భరించలేక పడవెక్కినవాళ్లు కొందరు. రిటైరయ్యాక ప్రశాంతంగా తిరుగుదామని వచ్చినవాళ్లు మరికొందరు. వీళ్ల ఇల్లు ఎక్కువగా నారోబోట్. వెడల్పు సుమారు ఏడడుగులు. పొడవు మాత్రం డెబ్బై అడుగుల దాకా ఉంటుంది. రైలు బోగీని సన్నగా నొక్కి నీళ్లలో వదిలినట్టు ఉంటుందన్నమాట.

వీళ్లలో రెండు రకాలు. ఒక రకానికి పడవ కట్టుకునే సొంత చోటు ఉంటుంది. రెండో రకానికి అదీ ఉండదు. బ్రిటిష్ వాటర్‌వేస్ చట్టం 1995 ప్రకారం అలాంటి పడవ మామూలుగా ఒకే చోట వరుసగా 14 రోజులకు మించి ఆగకూడదు. అంటే ఆ ఇంటి అడ్రస్ రెండు వారాలకోసారి మారుతుంది. చిక్కంతా వీళ్లతోనే.

చట్టం ఏం అడుగుతోంది?

షాట్‌గన్ అంటే ఒక్కో పేలుడుకు బోలెడు చిన్న గుళ్లు చిమ్మే తుపాకీ. పక్షుల వేటకు, మట్టి బిళ్లలను గాల్లోకి విసిరి కొట్టే క్లే షూటింగ్‌కు వాడతారు. ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ 1968 ప్రకారం దీనికి పోలీసులిచ్చే సర్టిఫికెట్ ఉండాలి. గడువు అయిదేళ్లు. అది లేకుండా తుపాకీ దగ్గరుంటే అయిదేళ్ల వరకు జైలు. మన దగ్గర 2019 సవరణ తర్వాత సాధారణ లైసెన్సుదారు రెండు తుపాకులకు మించి ఉంచుకోకూడదు. అక్కడ మాత్రం ఒకే సర్టిఫికెట్ మీద ఎన్ని షాట్‌గన్లైనా ఉండొచ్చు. వాటిని దాచే చోటు సరిగ్గా ఉండాలి, అంతే.

ఆ సర్టిఫికెట్‌కు దరఖాస్తు ఎవరికి చేయాలి? నివాసం ఉన్న ప్రాంతపు పోలీసు చీఫ్‌కు. ఇక్కడే పడవకు మొదటి దెబ్బ. కెన్నెట్ అండ్ ఏవన్ కాలువనే తీసుకోండి. రెడింగ్ నుంచి బ్రిస్టల్ దాకా 87 మైళ్లు. ఆ దారిలో థేమ్స్ వ్యాలీ, విల్ట్‌షైర్, ఏవన్ అండ్ సోమర్‌సెట్.. మూడు పోలీసు విభాగాల పరిధి తగులుతుంది. పడవ మెల్లగా సాగిపోతుంటే ఆ మనిషి 'నివాసం' ఎవరి పరిధిలో ఉన్నట్టు? దానికి తోడు శాశ్వత అడ్రస్ మారితే ఆలస్యం చేయకుండా చెప్పాలన్నది సర్టిఫికెట్ షరతుల్లో ఒకటి. అసలు శాశ్వత అడ్రసే లేనివాడు ఏం చెప్పాలి?

చాలామందికి తట్టే ఉపాయం ఒకటుంది. అమ్మానాన్నల ఇంటి అడ్రసో, స్నేహితుడి అడ్రసో ఇచ్చేయడం! ఉత్తరాలు రావడానికైతే పర్లేదు. కానీ తుపాకీ పడవలో ఉంటూ కాగితం మీద మాత్రం వేరే ఇంట్లో ఉన్నట్టు రాస్తే కథ అడ్డం తిరుగుతుంది. సర్టిఫికెట్ కోసం తెలిసి తెలిసి తప్పుడు వివరాలు ఇవ్వడం నేరం. నిజంగానే ఆ ఇంట్లో తుపాకీ ఉంచి, తాళం ఆ ఇంటివాళ్ల చేతిలో ఉంటే అదీ తప్పే. వాళ్లకు సర్టిఫికెట్ లేకపోతే తుపాకీ వాళ్ల చేతికి అందకూడదు. భార్యాభర్తలైనా ఇదే రూలు.

ఉక్కు పడవ.. చెక్క తలుపు

ఇక దాచడం సంగతి. అనుమతి లేనివాళ్ల చేతికి చిక్కకుండా, వీలైనంత వరకు భద్రంగా పెట్టాలన్నదే చట్టం మాట. ఎలాంటి బీరువా, ఎన్ని తాళాలు అని చట్టం చెప్పదు. ఆచరణలో మాత్రం బీఎస్ 7558 ప్రమాణానికి తగిన ఇనుప బీరువాను గోడకు బోల్టులతో బిగిస్తారు. పోలీసు విభాగం నుంచి అధికారి వచ్చి చూసి వెళ్తారు.

పడవలో గోడ ఎక్కడిది? నిజానికి నారోబోట్ పక్కలు మామూలుగా 6 మిల్లీమీటర్ల ఉక్కు. బీరువాను ఆ ఉక్కు చట్రానికి బిగిస్తే కొన్ని ఇళ్ల ప్లాస్టర్ గోడల కంటే గట్టిగానే ఉంటుంది. ఇబ్బంది ఎక్కడంటే.. తలుపులు చాలావాటికి చెక్కవి, బయట ఓ తాళంకప్ప. పక్కనే అందరూ నడిచే కాలువ గట్టు. అన్నిటికంటే పెద్ద తలనొప్పి.. దొంగ బీరువా పగలగొట్టక్కర్లేదు, తాడు విప్పితే ఇల్లే కదులుతుంది! పైగా ఎప్పుడూ తేమే. తుపాకీ గొట్టానికి తుప్పు పట్టడానికి ఒక్క చలికాలం చాలు.

మెరీనాలో సొంత చోటు, గేటు, కాపలా ఉన్న పడవ అయితే అధికారిని ఒప్పించడం కొంత తేలిక. తిరిగే పడవకు మాత్రం ఒప్పుకోవాలా వద్దా అన్నది ఆ పోలీసు విభాగం విచక్షణ. ఇంగ్లండ్, వేల్స్‌లలో ప్రాంతాలవారీ పోలీసు విభాగాలు 43 ఉన్నాయి. ఒకచోట సరే అన్న పడవకు ఇంకోచోట కుదరదంటే? క్రౌన్ కోర్టుకు అప్పీల్ చేసుకోవచ్చు. కానీ ఓ పాత తుపాకీ కోసం కోర్టు మెట్లెక్కి ఖర్చులు పెట్టుకునేదెవరు?

మధ్యేమార్గం: డీలర్ బీరువా

అందుకే తెలిసినవాళ్లు చేసే పని, తుపాకీని రిజిస్టర్డ్ డీలర్ దగ్గర ఉంచడం. నెలకో ఏడాదికో అద్దె తీసుకుంటారు. తుపాకీ వివరాలు వాళ్ల రిజిస్టరులో ఉంటాయి, గది భద్రతను పోలీసులు ముందే చూసి ఉంటారు. షూటింగ్ ఉన్న రోజు తీసుకెళ్లి, సాయంత్రం తిరిగి ఇచ్చేయొచ్చు. కొన్ని షూటింగ్ క్లబ్బుల్లోనూ ఈ వసతి ఉంటుంది. పడవ కదిలినా తుపాకీ కదలదు. పోలీసులకు కావాల్సింది కూడా అదే. ఎటొచ్చీ డీలర్ ఊరి నుంచి పడవ నలభై మైళ్లు దూరం వెళ్లిపోతే ఆ అద్దె దండగ అనిపిస్తుంది.

అమ్మాలంటే..

అప్పుడిక అమ్మకమే. అన్నిటికంటే సులువు, డీలర్‌కే అమ్మేయడం. ధర కాస్త తగ్గొచ్చు, గొడవ మాత్రం ఉండదు. ప్రైవేటు వ్యక్తికి అమ్మితే మూడు సంగతులు తప్పనిసరి. కొనేవాడి సర్టిఫికెట్ కళ్లారా చూడాలి. అమ్మిన తుపాకీ వివరాలు అందులో రాయాలి. తుపాకీని స్వయంగా చేతికివ్వాలి. కొరియర్‌లో పంపుతానంటే కుదరదు. ఆన్‌లైన్‌లో బేరం కుదిరి కొనేవాడు దూరాన ఉంటే, ఇద్దరి దగ్గరా ఉన్న డీలర్ల ద్వారా పంపుకుంటారు. తర్వాత ఏడు రోజుల్లోగా అమ్మినవాళ్లు, కొన్నవాళ్లు ఎవరికి వాళ్లే పోలీసులకు తెలియజేయాలి.

ఇక్కడ పడవ ఉండటం వల్ల అదనపు షరతు ఏమీ లేదు. కాకపోతే గట్టు మీద జనం చూస్తుండగా తుపాకీ బయటకు తీసి బేరమాడితే ఎవరో ఒకరు పోలీసులకు ఫోన్ చేయడం ఖాయం. సాయుధ బలగాలు దిగాక 'అమ్ముతున్నానండీ' అంటే వినేదెవరు? ఇంకోటి.. సొంత తుపాకీ ఒకటి అమ్ముకోవడం వేరు, కొని అమ్మడమే పనిగా పెట్టుకోవడం వేరు. రెండోదానికి డీలర్ రిజిస్ట్రేషన్ లేకపోతే నేరం.

'ఓడ' అంటే కుదురుతుందా?

కొందరు 1968 చట్టంలోనే ఓ దారి చూపిస్తుంటారు. ఓడ సామగ్రిలో భాగంగా ఉన్న ఆయుధానికి ఓడ మీద సర్టిఫికెట్ అక్కర్లేదని సెక్షన్ 13 చెబుతోంది. నిజమే. కానీ అది ఓడకు అవసరమైన సామగ్రి గురించి. పిట్టలు కొట్టే సొంత తుపాకీని నారోబోట్ సామగ్రి అని నమ్మించడం అయ్యే పని కాదు. దీన్ని నమ్ముకుంటే మిగిలేది కేసే.

ఇప్పుడే ఎందుకీ గట్టిదనం?

2021 ఆగస్టు 12న ప్లిమత్‌లోని కీహమ్‌లో ఓ యువకుడు షాట్‌గన్‌తో అయిదుగురిని చంపి తనను తాను కాల్చుకున్నాడు. చనిపోయినవారిలో మూడేళ్ల పాప కూడా ఉంది. అతనిది లైసెన్సు తుపాకీయే. ఓ దాడి వ్యవహారంలో పోలీసులు స్వాధీనం చేసుకుని, మళ్లీ వాళ్లే తిరిగిచ్చారు. కొన్ని వారాలకే ఈ ఘోరం. పోలీసుల వైఫల్యాలను 2023లో ఇన్‌క్వెస్ట్ జ్యూరీ ఎత్తిచూపింది. ఇవన్నీ చూశాక, చిరునామా తెలియని తుపాకీకి సంతకం పెట్టడానికి ఏ అధికారి చేయి తొందరపడుతుంది?

ఆ ఘటన తర్వాత దరఖాస్తుకు డాక్టర్ ఇచ్చే వైద్య వివరాలు తప్పనిసరి అయ్యాయి. ఊళ్లు మారే పడవవాసికి తన ఆరోగ్య చరిత్ర తెలిసిన డాక్టర్‌ను పట్టుకోవడమూ ఓ పనే. 2025 ఫిబ్రవరిలో కొత్త షాట్‌గన్ సర్టిఫికెట్ ఫీజు 79.50 పౌండ్ల నుంచి ఏకంగా 194 పౌండ్లకు పెరిగింది. షాట్‌గన్లకూ రైఫిళ్లకూ ఒకే రకం కఠిన నిబంధనలు పెట్టాలన్న ఆలోచనను కూడా ప్రభుత్వం ముందుకు తెచ్చింది. అదే జరిగితే ప్రతి తుపాకీకీ విడిగా కారణం చూపించాలి.

పోలీసుల జాగ్రత్తను తప్పుపట్టలేం. కానీ స్థిర నివాసం లేనివాళ్ల కోసం అదే దేశం ఓటరు జాబితాలో ఓ వెసులుబాటు ఇచ్చింది. ఎక్కువగా గడిపే చోటునో, గతంలో ఉన్న అడ్రస్‌నో 'స్థానిక సంబంధం'గా ప్రకటించి ఓటు పొందొచ్చు. పడవవాసులు చాలామంది అలాగే ఓటేస్తున్నారు. తుపాకీ లైసెన్సుకు అలాంటి ఏర్పాటు లేదు. కాబట్టి పడవ కొనాలనుకునే షాట్‌గన్ యజమాని ఇల్లు ఖాళీ చేయకముందే తన లైసెన్సింగ్ విభాగంతో మాట్లాడుకోవాలి. వాళ్లు ఏమన్నారో రాతపూర్వకంగా తీసుకోవాలి. ఆ జవాబు వచ్చేదాకా తుపాకీ డీలర్ దగ్గర ఉండటమే మేలు.