ధర్మపురి జిల్లా కలెక్టర్ గారికి: పెద్దల నిద్ర గురించి కూడా అడిగించండి



2021 ఆగస్టులో మన పొరుగున కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో మొదలైన ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకం బీపీ, షుగర్ పరీక్షలను ఇంటి గడప దాకా తెచ్చింది. ఆ పరీక్షలకు తోడు మరో ప్రశ్న అడిగించమని నా విన్నపం: “రాత్రిళ్లు నిద్ర పడుతోందా?”

ముసలితనంలో నిద్ర పట్టదులే అని మనం సరిపెట్టుకుంటాం. అది పొరపాటు. బ్రిటన్‌లో దాదాపు ఎనిమిది వేల మందిని పాతికేళ్లు గమనించి 2021లో ప్రచురించిన పరిశోధనలో, యాభై, అరవై ఏళ్ల వయసులో ఆరు గంటలు, అంతకన్నా తక్కువ నిద్రపోయేవారికి మతిమరుపు జబ్బు ముప్పు ఏడు గంటలు నిద్రపోయేవారికన్నా సుమారు 30 శాతం ఎక్కువగా కనబడింది. అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమిలాయిడ్ నిద్రలో త్వరగా తొలగిపోతుందని 2013లో ఎలుకల మీద తేలింది. నిద్రలేమే జబ్బుకు కారణమని ఇంకా రుజువు కాలేదు. అది జబ్బు తొలి లక్షణమూ కావచ్చు. ఏదైనా సరే, అడగడం అవసరమే. గురక పెడుతూ మధ్యమధ్యలో ఊపిరి ఆగేవారిని, డాక్టరు చీటీ లేకుండా నిద్రమాత్రలు మింగేవారిని ధర్మపురి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికి పంపించాలి.

ఇంకొకటి. ఇంట్లో తెలుగే మాట్లాడే అవ్వ జ్ఞాపకశక్తిని తమిళంలో పరీక్షిస్తే, మాట తడబడినంత మాత్రాన మతి తప్పిందనుకునే ప్రమాదం ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం ఇలాంటి పరీక్షను తెలుగుకు అనువుగా మలిచింది. దాన్ని ఇక్కడికీ తెప్పించండి.

పెద్దల నిద్ర చెడకుండా, రాత్రి పది దాటాక లౌడ్‌స్పీకర్లు మోగకూడదన్న 2000 నాటి నిబంధనను పల్లెల్లోనూ అమలు చేయించండి.

ఇట్లు,
ధర్మపురి జిల్లా తెలుగు పౌరుడు