తాతగారి బుల్లెట్ మొండికేస్తే...

ఎన్ని కిక్కులు కొట్టినా పాత బుల్లెట్ కదలట్లేదా? తుక్కు కింద అమ్మేసే ముందు హెడ్‌లైట్ పైనున్న ఆమ్మీటరు చూడండి. చాలామంది ముందు కార్బురేటరే విప్పుతారు కానీ, పాయింట్ల బండి గుట్టు సగం ఆ ముల్లు దగ్గరే ఉంటుంది.

బండిని న్యూట్రల్‌లో పెట్టి, లైట్లు ఆపి, తాళం ఆన్‌చేయండి. డీకంప్రెషన్ లీవర్ పట్టుకుని కిక్‌రాడ్‌ను మెల్లగా నొక్కండి. పాయింట్లు కలిసినప్పుడు ముల్లు మైనస్ వైపు వాలాలి, విడిపోగానే సున్నాకి రావాలి. అసలు కదలట్లేదా? హారన్ కూడా మోగకపోతే బ్యాటరీ, ఫ్యూజు చూడాలి. మోగితే పాయింట్లకు పట్టిన మసి మీదే అనుమానం. తాళం ఆపేసి, సన్నటి గరుకు కాగితంతో రుద్ది తుడవండి. ముల్లు మైనస్‌లోనే ఉండిపోతే మాత్రం పాయింట్లు విడిపోవట్లేదేమో, కండెన్సర్ పోయిందేమో మెకానిక్‌కు చూపించాలి.

అన్నట్టు, విసుగొచ్చి తాళం ఆన్‌లోనే వదిలేసి కాఫీకి వెళ్లకండి. పాయింట్లు కలిసిన చోట ఇంజిన్ ఆగి ఉంటే కాయిల్ వేడెక్కుతుంది, బ్యాటరీ దిగిపోతుంది.