నగరం బతికింది సరే... మనుషుల మాటేమిటి?

కంప్యూటర్ ఆట గురించి వార్షికోత్సవ సంచికలో వ్యాసమా అని కొందరు పెద్దలు నవ్వవచ్చు. కథల గురించి, సినిమాల గురించి గంటలకొద్దీ వాదించుకునే మనం ఆట గురించి ఎందుకు వాదించుకోకూడదు? ఆటలోనూ కథ ఉంటుంది, నీతి ఉంటుంది, ముగింపు ఉంటుంది. పైగా సినిమాలో హీరో చేసే పనికి మనం బాధ్యులం కాము. ఆటలో నిర్ణయం మనదే, దాని పాపపుణ్యాలూ మనవే. అటువంటి ఆట 'ఫ్రాస్ట్‌పంక్'. దాని కథ, ముఖ్యంగా దాని ముగింపు ఎలా మారితే బాగుంటుందో నా అభిప్రాయాన్ని మిత్రుల ముందు ఉంచుతున్నాను.

పోలండ్ రాజధాని వార్సాకు చెందిన 11 బిట్ స్టూడియోస్ సంస్థ ఈ ఆటను 2018 ఏప్రిల్‌లో విడుదల చేసింది. కథ జరిగే కాలం 1886. లోకమంతా మంచుతో గడ్డకట్టుకుపోయింది. లండన్ నుంచి బయలుదేరిన 80 మంది ఉత్తరాన ఒక పెద్ద బొగ్గు యంత్రం చుట్టూ చేరి నగరం కట్టుకుంటారు. వారి నాయకుడు, అంటే కెప్టెన్, ఆట ఆడేవారే. బొగ్గు తవ్వించాలి, ఇళ్లు కట్టించాలి, తిండి సమకూర్చాలి, జబ్బు పడినవారిని కాపాడాలి. వీటికి తోడు చట్టాల పుస్తకం ఒకటి ఉంటుంది. పిల్లల చేత పని చేయించాలా, లేక వారికి ఆశ్రయం కట్టించాలా? తిండి చాలనప్పుడు పలచటి సూప్ కాచి సరిపెట్టాలా, లేక అన్నంలో రంపపు పొట్టు లాంటిది కలిపి కడుపు నింపాలా? పని గంటలు 14కు పెంచాలా? అవసరమైతే 24 గంటలూ నిలబెట్టి పని చేయించాలా? సంతకం పెట్టేది మనమే.

చివరకు మహా తుఫాను వస్తుంది. చలి మైనస్ 150 డిగ్రీల దాకా దిగుతుంది. దాన్ని తట్టుకుంటే గెలిచినట్లే. అప్పుడు మన నగరం మొదటి రోజు నుంచి ఎలా పెరిగిందో తెర మీద వేగంగా చూపిస్తారు. పక్కన మనం చేసిన పనులు ఒక్కొక్కటిగా వాక్యాల్లో కనిపిస్తాయి. కెప్టెన్ హద్దు దాటాడని ఆట భావిస్తే, నగరం బతికింది కానీ ఇంత మూల్యం చెల్లించడం తగునా అని మనల్ని అడుగుతుంది. అక్కడితో ఆట అయిపోతుంది.

చాలామందికి ఈ ముగింపు గొప్పగా అనిపించింది. ఒళ్లు జలదరించిందన్నారు. ఆ ప్రశ్న మంచిదే, కాదనను. కానీ ఆ ప్రశ్న అడుగుతున్నది ఎవరు? ఎక్కడో పైన కూర్చున్న కనిపించని గొంతు. అడుగుతున్నది ఎవరిని? కెప్టెన్‌ని. పలచటి సూప్ తాగినవాడిని ఎవరూ అడగరు. గనిలోకి దిగిన పిల్లను ఎవరూ అడగరు. వారి కష్టమంతా కెప్టెన్ మనస్సాక్షిని పరీక్షించే ప్రశ్నపత్రంగా మిగిలిపోతుంది. నా అసంతృప్తి అంతా ఇక్కడే.

ఆట మొత్తంలో ప్రజల మనసు రెండే కొలతల్లో కనిపిస్తుంది. ఒకటి ఆశ, రెండోది అసంతృప్తి. మధ్యలో కొందరు లండన్‌కు తిరిగి వెళ్లిపోతామని తిరగబడతారు. కథకు ఇది ఎంత మంచి మలుపు! కానీ వారెవరో, లండన్‌లో ఎవరిని వదిలి వచ్చారో మనకు సరిగా తెలియనే తెలియదు. వారిని ఆపగలిగామా, ఎందరు వెళ్లిపోయారు అన్న లెక్కే మిగులుతుంది.

ఇదే సంస్థ 2014లో 'దిస్ వార్ ఆఫ్ మైన్' అనే ఆట తెచ్చింది. సారయేవో నగరం 1992 నుంచి 1996 వరకు ముట్టడిలో పడిన బాధలు దానికి ప్రేరణ. యుద్ధం ముగిసేదాకా బతికినవారు ఆ తర్వాత ఏమయ్యారో ఆ ఆట చివర ఒక్కొక్కరి గురించీ చెబుతుంది. అంటే మనిషి మనిషికీ ముగింపు రాయడం వారికి చేతనైన పనే. ఫ్రాస్ట్‌పంక్‌లోనూ నగరవాసులకు పేర్లున్నాయి. ఆ పేర్లు చివరి పేజీ దాకా రావాలన్నదే నా కోరిక.

నా సూచనలు మూడు. మొదటిది, తుఫాను ఆగిన మరునాటి ఉదయం కూడా కథలో ఉండాలి. మంచు తొలగించేటప్పుడు ఎవరు ఎవరి పక్కన నిలబడతారు? కాలు పోగొట్టుకున్న కార్మికుడికి పని ఎవరిస్తారు? రెండోది, ముగింపు మాటలు ఆ చట్టాల కింద బతికినవారే చెప్పాలి. పిల్లల్ని పనికి పంపిన నగరంలో పదేళ్ల తర్వాత ఆ పిల్లే మాట్లాడాలి. ఆశ్రయంలో ఉండి వైద్యుల దగ్గర పని నేర్చుకున్న పిల్లాడు ఇంకో నగరంలో మాట్లాడాలి. మూడోది, అందరూ ఒకే మాట చెప్పకూడదు. ఒకరు క్షమిస్తారు, ఒకరు క్షమించరు, ఒకరు అసలు మాట్లాడటానికే ఇష్టపడరు. తీర్పు ఆట చెప్పనక్కర్లేదు. విన్నవాడికే అర్థమవుతుంది.

బతకడమే గగనమైనప్పుడు ఇవన్నీ ఎందుకని కొందరు అంటారు. పేదరికం ఉన్నంతకాలం పిల్లలు పనికి పోక తప్పదని మన దగ్గరా చాలాకాలం అన్నారు. రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ వేలాది పిల్లల్ని పని మాన్పించి బడికి పంపి ఆ మాట తప్పని చూపింది. ఆ కృషికి నాయకత్వం వహించిన ప్రొఫెసర్ శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. తప్పదు అనే మాట ఎక్కువగా సంతకం పెట్టేవారి నోటి నుంచే వస్తుంది. పని చేసే పిల్లను అడిగితే జవాబు వేరేగా ఉండవచ్చు.

2024 సెప్టెంబరులో వచ్చిన ఫ్రాస్ట్‌పంక్ రెండో భాగంలో కథ 30 ఏళ్లు ముందుకు జరిగింది. కెప్టెన్ చనిపోయాడు. చట్టాలు 100 మంది సభ్యుల సభలో ఓటుకు వస్తాయి. ఇది మంచి అడుగే. మొదటి ఆటను 'ఫ్రాస్ట్‌పంక్ 1886' పేరుతో మళ్లీ కొత్తగా తయారు చేస్తున్నామని, 2027లో తెస్తామని సంస్థ 2025 ఏప్రిల్‌లో ప్రకటించింది. బొమ్మలు ఎంత అందంగా మారినా ముగింపు పాతదే అయితే సగం పనే చేసినట్లు.

మిత్రులారా! ఆటలో కెప్టెన్ కుర్చీలో కూర్చున్నా, మనకు బాగా తెలిసింది కంచం పట్టుకుని వరుసలో నిలబడటం. మెనూ ఎక్కడో రాస్తారు, తినేది మనం. పప్పు పలచనైన రోజు ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పాలా? రేపు మనలో కొందరు వార్డెన్లు అవుతారు, ఇంజనీర్లు అవుతారు, ఫైళ్ల మీద సంతకాలు పెట్టే అధికారులు అవుతారు. ఆ రోజు లెక్కలు సరిపోయాయా అని మాత్రమే చూసుకుంటే చాలదు. వరుసలో చివర నిలబడిన వాడిని పేరు పెట్టి పిలిచి, ఎలా ఉందిరా అని అడగాలి. ఆటలైనా, హాస్టళ్లైనా, ప్రభుత్వాలైనా బాగుపడేది అక్కడి నుంచే.