గుండెలోని యంత్రానికి మన నడక తెలుస్తుందా?

తడిబట్టల బకెట్టు ఎత్తుకుని డాబా ఎక్కుతాం. పైకి చేరేసరికి గుండె దడదడా కొట్టుకుంటుంది. కాసేపు కూర్చుంటే తనంతట తనే నెమ్మదిస్తుంది. మరి గుండెకు యంత్రం పెట్టించుకున్న వాళ్ళ సంగతేమిటి? మనిషి నడుస్తోందో, పడుకుందో ఆ యంత్రానికెలా తెలుస్తుంది? ఈ వారం ఆ సంగతి చెప్పుకుందాం.

ముందు పేస్‌మేకర్. దీన్ని ఒంట్లో అమర్చడం 1958లో స్వీడన్‌లో మొదలైంది. తొలినాళ్ళలో అది నిమిషానికి ఇన్నిసార్లని ఒకే లెక్కన కొట్టేది. నడిచినా అంతే, నిద్రపోయినా అంతే! 1980ల్లో కదలికను పసిగట్టే సెన్సర్ చేర్చారు. నడిస్తే ఒళ్ళు ఊగుతుంది కదా, ఆ ఊపును పట్టుకుని వేగం పెంచుతుంది. కూర్చుంటే తగ్గిస్తుంది. సెల్‌ఫోన్ మన అడుగులు లెక్కపెట్టేదీ ఇలాంటి సెన్సర్‌తోనే.

అయితే ఈ సెన్సర్‌కు తెలిసేది ఊపు ఒక్కటే. జ్వరం వచ్చినా, మనసు కలతపడినా, కదలకుండా నిలబడి బరువు పట్టుకున్నా దానికి తెలీదు. గతుకుల రోడ్డు మీద ఆటోలో పోతుంటే నడుస్తున్నామని పొరబడనూవచ్చు. కాబట్టి మెట్లెక్కితే ఆయాసం వస్తోందనో, ఆటోలో దడగా ఉంటోందనో డాక్టరుకు విడమరిచి చెప్పాలి. కోత లేకుండా పైనుంచే దాన్ని సరిచేస్తారు. మనవాళ్ళేమో "వయసైపోయింది, ఆయాసం మామూలేలే" అని ఊరుకుంటారు!

ఇక గుండె పంపు. దీన్ని ఎల్‌వీఏడీ అంటారు. గుండె బాగా బలహీనపడితే ఎడమవైపు కింది గదికి అమర్చుతారు. పొట్ట దగ్గర చర్మంలోంచి ఒక తీగ బయటికొచ్చి, నడుముకు కట్టుకునే పెట్టెకూ బ్యాటరీలకూ కలుస్తుంది. పంపు ఆగకుండా రక్తం తోస్తుంటుంది గనుక చాలామందికి చెయ్యి పట్టి చూస్తే నాడి దొరకదు, కంగారుపడకండి. దీని వేగం డాక్టర్లు పెట్టిందే. మరీ ఎక్కువైతే గుండె గది గోడలు లోపలికి పీల్చుకుపోతాయి. తక్కువైతే ఆయాసం.

అందుకే మనిషి పడుకుందా, లేచిందా, నడుస్తోందా అని సెన్సర్‌తో కనిపెట్టి వేగం మార్చాలని పరిశోధనలు చేస్తున్నారు. మరికొందరు సెన్సర్‌ను పంపుకే అంటించి చూశారు. మిక్సీలో ఏదైనా ఇరుక్కుంటే మోత మారుతుంది, మనం ఠక్కున ఆపేస్తాం కదా! అలాగే పంపులో రక్తం గడ్డకడితే అదురు మారుతుంది, దాన్ని ముందే పట్టుకోవాలని వాళ్ళ ప్రయత్నం. ఇవన్నీ ఇంకా పరిశోధన దశలోనివే.

మన శ్రీహరికోట రాకెట్టు లేస్తుంటే డాబాలెక్కి చూస్తాం. ఆ రాకెట్టు తన వేగం తెలుసుకునేదీ ఈ జాతి సెన్సర్లతోనే. అంతెందుకు, తిరువనంతపురంలోని ఇస్రో కేంద్రంవాళ్ళు టైటానియం మిశ్రమంతో సుమారు 100 గ్రాముల గుండె పంపు తయారుచేసి, పందుల్లో పరీక్షించినట్టు 2016లో వార్తలొచ్చాయి. నిమిషానికి 3 నుంచి 5 లీటర్ల రక్తం తోస్తుందట.

ఇంట్లో ఇలాంటి యంత్రమున్న వాళ్ళుంటే ఇవి గుర్తుపెట్టుకోండి. సెల్‌ఫోన్ జాకెట్లో దోపుకోకూడదు. వెలిగించిన ఇండక్షన్ పొయ్యికి యంత్రం రెండడుగుల దూరంలో ఉండాలి. పంపు ఉన్నవాళ్ళయితే తుఫాను హెచ్చరిక వినగానే బ్యాటరీలన్నీ నిండుగా ఛార్జి చేసుకోవాలి. మనిషిని మంచానికే పరిమితం చెయ్యకండి. ఎంత నడవచ్చో డాక్టరును అడిగి, అంతా నడిపించండి. ఏ పని చేస్తే ఆయాసం వచ్చిందో ఒక కాగితం మీద రాసిపెట్టండి. సెన్సర్ కనిపెట్టలేనిది డాక్టరుకు చెప్పాల్సింది మనమే కదూ!

వచ్చేవారం మళ్ళీ కలుద్దాం.