‘నాకు లెక్కలు రావు’

పదో తరగతి ఫలితాలు వెలువడిన నాడు, లెక్కల్లో తప్పిన బిడ్డ ‘నాకు లెక్కలు రావు’ అంటాడు. ‘వీడి తఖ్దీర్ ఇంతే, నాపరాళ్ళ పాలిషింగుకు పంపుదాం’ అని తాండూరులో ఒక తండ్రి అనుకోవచ్చు. వికారాబాదులో మరో తల్లి మౌనంగా తలూపవచ్చు. రాదని నమ్మిన బిడ్డ ఇక పుస్తకం తెరవడు.

1975లో అమెరికా మనస్తత్వవేత్త కెరోల్ డ్వెక్ చేసిన అధ్యయనంలో, ఓటమికి కారణం ప్రయత్నలోపమని గ్రహించిన పిల్లలు తప్పినా వెనుదీయలేదు. సులభ విజయాలకే అలవాటుపడినవారు ఓటమి ఎదురుకాగానే డీలాపడ్డారు.

తల్లిదండ్రులారా! శక్తిమేరకు పాటుపడి, ఫలితాన్ని అల్లాహ్‌కు అప్పగించడమే తవక్కుల్. కష్టపడి చదివిన బిడ్డతో ‘ఇంకా చదువు’ అంటే చాలదు. సప్లిమెంటరీ పరీక్షకు ముందు పక్కన కూర్చొని, ఏ మెట్టు దగ్గర తడబడ్డాడో అడగండి.